చిన్న గ్యాలరీలో చిత్రకళా ప్రదర్శన: నిర్మాణం, భాష, నమోదు - కోహీర్, జహీరాబాద్ ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సమకాలీన చిత్రకళను ప్రదర్శించే చిన్న గ్యాలరీలు హైదరాబాదులో ఇప్పుడు చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నాయి. అక్కడి గోడలమీద కనిపించే రూపాల్లో గణనీయమైన భాగం తెలుగు పల్లెల నుంచి వెళ్ళినదే. ఆ రూపాలను చూపరికి పరిచయం చేసే రాత మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది. కొద్దివారాల్లో ప్రదర్శన ముగుస్తుంది, చిత్రాలు చెదిరిపోతాయి, తెలుగులో వాటి ఆనవాలు మిగలదు. చిన్న గ్యాలరీలో ప్రదర్శన ఏయే అంగాలతో రూపొందుతుందో వివరించి, అందులో తెలుగు భాషకు ఉండవలసిన స్థానాన్ని, తెలుగు పరిశోధకులు చేపట్టగల నమోదు పద్ధతిని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. జహీరాబాద్ ప్రాంతంలో ఏటా సాగే పాత పంటల జాతరను పోలిక కోసం స్వీకరించడమైనది.

కీలకపదాలు: సమకాలీన చిత్రకళ, గ్యాలరీ, ప్రదర్శన, లేబుల్, కె. లక్ష్మాగౌడ్, జహీరాబాద్, పాత పంటల జాతర, నమోదు.

1. ఉపోద్ఘాతం:

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని కోహీర్ పేరు చెప్పగానే జామపండ్లు గుర్తుకువస్తాయి. వికారాబాదు నుంచి పర్లి వైపు వెళ్ళే రైలుమార్గం మీద, ఎర్రనేలల నడుమ ఉన్న ఊరది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో భాగంగా ఉండేది. తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడ మాటలు కూడా నిత్యం వినిపించే సరిహద్దు సీమ ఇది.

సమకాలీన చిత్రకళను గ్యాలరీలో చూడదలచిన కోహీర్ విద్యార్థి సాధారణంగా హైదరాబాదుకు ప్రయాణం కట్టాలి. అక్కడ బంజారాహిల్స్‌లోనో, జూబ్లీహిల్స్‌లోనో ఉన్న ఒక చిన్న గ్యాలరీలో అడుగుపెడితే ఆ విద్యార్థికి తనకు తెలిసిన లోకమే గోడమీద ఎదురుకావచ్చు. మేకలు, ఈతచెట్లు, గుడిసెలు, నడుమున చెయ్యి ఆనించి నిలబడిన పల్లె స్త్రీ కనిపించవచ్చు. పక్కన ఉన్న చీటీ మాత్రం అతనికి అలవాటు లేని మాటల్లో ఉంటుంది. బొమ్మలోని వస్తువును గుర్తించగలవాడు చీటీని చదవలేకపోవడం, చీటీని చదవగలవాడు వస్తువును గుర్తించలేకపోవడం అనే రెండు స్థితులూ ఒకే గదిలో ఏర్పడతాయి.

ఈ అంతరం చిత్రకళకు మాత్రమే సంబంధించినది కాదు. ప్రాంతీయ జీవితాన్ని, పలుకుబడిని, వృత్తి పదజాలాన్ని అధ్యయనం చేసే తెలుగు శాఖలకూ ఇది నేరుగా సంబంధించినదే. అందువల్ల ప్రదర్శన అంటే ఏమిటో, అది ఎలా రూపొందుతుందో ముందుగా తెలుసుకోవడం అవసరం.

2. మ్యూజియం, గ్యాలరీ, ప్రదర్శన:

వాడుకలో మ్యూజియం, గ్యాలరీ అనే మాటలు తరచు ఒకదానికి బదులు మరొకటి వస్తుంటాయి. వాటి పనితీరులో భేదముంది. మ్యూజియం వస్తువులను సేకరించి, భద్రపరచి, తరతరాలకు అందించే సంస్థ. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రారంభమై 1968లో ఇప్పటి భవనానికి మారిన సాలార్‌జంగ్ మ్యూజియం ఇందుకు ఉదాహరణ. సమకాలీన ప్రైవేటు గ్యాలరీకి స్థిరమైన సేకరణ ఉండాలన్న నియమం లేదు. జీవించి ఉన్న కళాకారుల పనిని కొంతకాలం చూపి, అమ్మకానికి ఉంచి, తర్వాతి ప్రదర్శనకు గోడలు ఖాళీ చేయడం దాని పద్ధతి. 2002లో మొదలైన కళాకృతి ఆర్ట్ గ్యాలరీ, సృష్టి ఆర్ట్ గ్యాలరీ వంటివి హైదరాబాదులో ఈ కోవకు చెందినవి. మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ప్రభుత్వ సంస్థ. విశాలమైన ఆ భవనం స్వభావం వేరు.

తెలుగునేల మీద వీటికి పూర్వరూపాలు లేకపోలేదు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897-1925) అకాలమరణం తర్వాత ఆయన చిత్రాలను ఒకచోట నిలిపి ఉంచిన స్మారక చిత్రశాల వాటిలో ముఖ్యమైనది. హైదరాబాదు నారాయణగూడలో పి.టి. రెడ్డి (1915-1996) తన ఇంటినే 'సుధర్మ' పేరుతో చిత్రశాలగా మలచుకున్నారు. ఆయన సహధర్మచారిణి పాకాల యశోదారెడ్డి తెలంగాణ పలుకుబడికి కథలో స్థానం కల్పించిన రచయిత్రి. ఒకే ఇంట్లో రెండు కళలు సాగాయి. యశోదారెడ్డి కథాభాష మీద తెలుగు శాఖల్లో పరిశోధనలు జరిగాయి. అదే ఇంటి గోడలమీది చిత్రాలు తెలుగు పరిశోధన పరిధిలోకి రావడం అరుదు. సాహిత్యం, చిత్రకళ వేర్వేరు శాఖల సొత్తు అన్న విభజనే ఇందుకు ప్రధాన కారణం.

గది చిన్నదైనంత మాత్రాన ప్రదర్శన ప్రభావం చిన్నది కాదు. 1874 ఏప్రిల్ 15న పారిస్‌లో నాడార్ అనే ఛాయాచిత్రకారుడు ఖాళీ చేసిన స్టూడియో గదుల్లో 30 మంది కళాకారులు తమ పనిని ప్రదర్శించారు. అందులో క్లాద్ మోనే చిత్రం పేరును పట్టుకుని లూయీ లెరోయ్ అనే విమర్శకుడు ఒక పత్రికలో ఎగతాళిగా వాడిన మాటే తర్వాత 'ఇంప్రెషనిజం' అనే ఉద్యమనామంగా స్థిరపడింది. న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1905 నుంచి 1917 వరకు నడిపిన '291' అనే గ్యాలరీ కొన్ని చిన్న గదులకు పరిమితం. ఆయన వెలువరించిన 'కెమెరా వర్క్' పత్రిక వల్ల ఆ గదుల్లో జరిగినవాటి చర్చ ఈనాటికీ చదవడానికి దొరుకుతోంది. ముంబయిలో 1963లో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ భవనపు పై అంతస్తులో మొదలైన గ్యాలరీ కెమోల్డ్ కూడా విస్తీర్ణంలో చిన్నదే. మొదటి రెండు ఉదాహరణల్లోనూ ప్రదర్శనను కాలం దాటించినది రాత అన్న విషయం గమనించదగింది.

3. ప్రదర్శన నిర్మాణం - అంగాలు:

సాహిత్య విద్యార్థికి సుపరిచితమైన సంకలనంతో పోల్చి చూస్తే ప్రదర్శన స్వరూపం సులభంగా బోధపడుతుంది. 1935లో ముద్దుకృష్ణ కూర్చిన 'వైతాళికులు' కేవలం కొన్ని ఖండికల పోగు కాదు. ఏ కవులు ఆ కాలానికి ప్రతినిధులో అది నిర్ణయించింది, తర్వాతి తరం పాఠకులకు నవ్యకవిత్వపు ముఖచిత్రాన్ని అందించింది. ప్రదర్శన రూపకర్త చేసే పనీ ఇటువంటిదే. ఆ వ్యక్తిని క్యూరేటర్ అంటారు. క్యూరేటర్ పనిని ఐదు అంగాలుగా విభజించి పరిశీలించవచ్చు.

3.1 ఎంపిక: ఒక్క కళాకారుని పనితో జరిగేది ఏకవ్యక్తి ప్రదర్శన. పలువురి పనిని కలిపి చూపేది బృంద ప్రదర్శన. ఒకరి జీవితకాలపు కృషిని వరుసగా చూపేది పునరావలోకన ప్రదర్శన. ఒక అంశం చుట్టూ వేర్వేరు కళాకారులను చేర్చేది ఇతివృత్త ప్రదర్శన. చిన్న గ్యాలరీలో స్థలం పరిమితం కనుక ఎంపిక కఠినంగా ఉంటుంది. ఎవరిని తీసుకున్నారో ఎంత ముఖ్యమో, ఎవరిని వదిలారో అంతే ముఖ్యం.

3.2 అమరిక: చిత్రం మధ్యభాగం నేల నుంచి సుమారు 145 నుంచి 152 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా వేలాడదీయడం సాధారణ పద్ధతి. నిలబడిన మనిషి చూపు ఎత్తు దీనికి ఆధారం. రెండు చిత్రాలు పక్కపక్కన ఉన్నప్పుడు చూపరి తనకు తెలియకుండానే వాటిని పోలుస్తాడు. పల్లెస్త్రీ చిత్రం పక్కన మరో పల్లెస్త్రీ చిత్రం ఉంటే శైలీభేదం కనిపిస్తుంది. అదే చిత్రం పక్కన నగర నిర్మాణపు ఛాయాచిత్రం ఉంటే వలస గుర్తుకువస్తుంది. చిత్రం మారలేదు, పొరుగు మారింది. వాక్యంలో పదక్రమం అర్థాన్ని ప్రభావితం చేసే తీరు ఇక్కడ స్మరణీయం.

3.3 వెలుతురు: కాగితం మీద వేసిన నీటిరంగులు, ముద్రణచిత్రాలు వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి. వాటికి దాదాపు 50 లక్స్ మించని కాంతిని, తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ వరకు కాంతిని అనుమతించడం సంరక్షణలో పాటించే ప్రమాణం. గ్యాలరీలో కొన్ని గదులు మసకగా ఉండటానికి కారణం అలంకరణ కాదు, కాగితపు ఆయుర్దాయం.

3.4 ధర: అమ్ముడైన చిత్రం వెలలో మూడో వంతు నుంచి సగం వరకు గ్యాలరీ వాటాగా ఉండటం ఈ రంగంలో సాధారణం. గది అద్దె, ప్రచారం, రవాణా, ప్రారంభోత్సవపు ఖర్చు అందులోనే భరించాలి. అమ్మకం అవసరం ఎంపిక మీద ఒత్తిడి తెస్తుంది. ఇదివరకు అమ్ముడైన శైలినే మళ్ళీ కోరడం, కొత్త ప్రయోగాన్ని వాయిదా వేయడం ఆ ఒత్తిడి ఫలితాలు. ఈ ఒత్తిడిని విస్మరించి ప్రదర్శనను కేవలం సౌందర్య దృష్టితో విశ్లేషించడం అసంపూర్ణమవుతుంది.

3.5 లేబుల్: చిత్రం పక్కన అంటించే చీటీలో కళాకారుని పేరు, చిత్రం పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు ఉంటాయి. ఒక్కొక్కసారి రెండు మూడు వాక్యాల వివరణ చేరుతుంది. కావ్యానికి టీక వంటిది లేబుల్. ఐదు అంగాల్లో తక్కువ ఖర్చుతో మార్చగలిగినది ఇదొక్కటే. తెలుగు విద్యావంతులు నేరుగా పాలుపంచుకోగలిగినది కూడా ఇదే.

4. మెదక్ పల్లె, గ్యాలరీ గోడ - లక్ష్మాగౌడ్ చిత్రకళ:

పై అంగాలన్నింటినీ ఒకచోట చూడటానికి కె. లక్ష్మాగౌడ్ ముద్రణచిత్రాలు అనువైనవి. ఆయన 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించారు. హైదరాబాదులోని ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదివి, బరోడాలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రకళను అభ్యసించారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళాశాఖలో అధ్యాపకులుగా పనిచేశారు. 2016లో పద్మశ్రీ పురస్కారం పొందారు. పల్లె స్త్రీపురుషులు, మేకలు, చెట్లు, వాటి మధ్య దాపరికం లేని దేహస్పృహ ఆయన గీతలో ప్రధాన విషయాలు.

గ్యాలరీలో ఆయన చిత్రం కింద 'ఎచింగ్' అన్న ఒక్క మాట కనిపిస్తుంది. ఆ మాట వెనుక ఉన్న శ్రమ తెలిస్తే చూపు మారుతుంది. జింకు లేదా రాగి పలక మీద మైనం కలిసిన పూత పూస్తారు. పూత మీద సూదితో గీస్తే గీసినమేర లోహం బయటపడుతుంది. పలకను ఆమ్లంలో ఉంచినప్పుడు బయటపడిన చోట లోహం కరిగి గాడి ఏర్పడుతుంది. తర్వాత పూత తొలగించి, గాడుల్లో సిరా నింపి, పలక పైభాగాన్ని తుడిచి, తడిపిన కాగితాన్ని పరచి యంత్రంలో నొక్కుతారు. గాడిలోని సిరా కాగితం మీదికి వస్తుంది. పలక మీద కుడివైపు ఉన్నది కాగితం మీద ఎడమవైపుకు మారుతుంది. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచిన గీత ముదురుగా, తక్కువసేపు ఉంచిన గీత సన్నగా వస్తుంది. లక్ష్మాగౌడ్ చిత్రాల్లో మేక వెంట్రుకకు, ముసలి చేతి ముడతకు ఉన్న తేడాను ఈ ప్రక్రియ తెలిసిన కన్ను మరింత స్పష్టంగా పట్టుకుంటుంది.

ముద్రణచిత్రం అడుగున పెన్సిలుతో 5/25 వంటి సంఖ్య రాసి ఉంటుంది. ఆ పలక నుంచి తీసిన 25 ప్రతుల్లో అది ఐదవదని దాని అర్థం. నకలు అన్న చిన్నచూపు ఇక్కడ పొసగదు. ప్రతి ఒక్కటీ కళాకారుడు అంగీకరించి సంతకం చేసిన మూలమే. మధ్యలో పలకను మళ్ళీ సవరించి తీసిన ప్రతుల్లో భేదాలు ఉంటాయి. తాళపత్ర ప్రతుల పాఠభేదాలను పోల్చే శిక్షణ ఉన్న తెలుగు పరిశోధకునికి ఈ భేదాల అధ్యయనం కొత్త విద్య కాదు. ఒకే చిత్రం రెండు ప్రదర్శనల్లో కనిపించినప్పుడు ఏ ప్రతి, ఏ దశ, ఏ కాగితం అని నమోదు చేయడం పాఠపరిష్కరణకు సమీపమైన పని.

5. లేబుల్ భాష:

ఒక చిత్రంలో ఈతచెట్టు ఉందనుకుందాం. లేబుల్‌లో 'చెట్టు' అని మాత్రమే ఉంటే వృక్షం తెలుస్తుంది, జీవితం తెలియదు. ఈత, తాడు రెండూ కల్లునిచ్చే చెట్లే అయినా ఎక్కే తీరు, గీసే కాలం, కల్లు రుచి వేరు. మెదక్ పల్లెలో ఆ భేదం వృత్తికి, ఋతువుకు సంబంధించినది. అలాగే గొంగడిని దుప్పటి అన్నా, గురిగిని కుండ అన్నా చిత్రం నుంచి ఒక పొర రాలిపోతుంది. ఇంగ్లీషు లేబుల్ ఆ పొరను నిలపడం కష్టం. తెలుగు లేబుల్ అయినా ఇంగ్లీషు నుంచి అనువదించినదైతే అదే లోపం తిరిగి వస్తుంది.

తోట వైకుంఠం చిత్రాలు మరో ఉదాహరణ. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో జన్మించిన ఆయన, బి. నర్సింగరావు దర్శకత్వం వహించిన 'దాసి' (1988) చిత్రానికి కళాదర్శకునిగా జాతీయ పురస్కారం పొందారు. ఆయన గీసిన స్త్రీల నుదుటి మీది పెద్ద బొట్టు, ముక్కుపోగు, చీర అంచు, భుజం మీది చిలక చూపరులందరికీ పరిచితాలే. ఆ నగ పేరేమిటి, ఆ చీర ఏ నేత, ఆ కట్టు ఏ పనికి అనువైనది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు ఆ ప్రాంతపు పెద్దలు. వారిని అడిగి రాసిన రెండు వాక్యాలు ఎన్నో విశేషణాల కంటే విలువైనవి.

తెలుగులో కళావివరణకు సంప్రదాయం ఉంది. చిత్రకారుడూ నవలాకారుడూ అయిన అడివి బాపిరాజు (1895-1952), గుంటూరు జిల్లా తుమ్మపూడిలో ఉండి చిత్రకళ గురించి జీవితాంతం రాసిన సంజీవదేవ్ (1914-1999) ఆ సంప్రదాయానికి పునాదులు వేశారు. ప్రదర్శన లేబుల్‌కు కావలసిన భాష వ్యాసభాష కంటే పొట్టిది, సూటిది. ఇందుకు మూడు సూత్రాలను ప్రతిపాదించవచ్చు. మొదటిది, మాధ్యమం పేర్లకు కొత్త సంస్కృత సమాసాలు కల్పించకుండా ఎచింగ్, యాక్రిలిక్, కాన్వాస్ వంటి వాడుకమాటలనే ఉంచి, పక్కన ఒక వాక్యంలో ప్రక్రియను వివరించడం. రెండవది, బొమ్మలోని వస్తువుకు ఆ ప్రాంతపు మాటనే వాడటం. మూడవది, భావాన్ని చూపరికి వదిలి సమాచారాన్ని మాత్రమే ఇవ్వడం. 'అద్భుతమైన', 'హృద్యమైన' వంటి విశేషణాలకు లేబుల్‌లో పనిలేదు.

జహీరాబాద్ ప్రాంతానికి అన్వయిస్తే నాలుగవ సూత్రం చేరుతుంది. ఇక్కడ తెలుగు లేబుల్ ఒక్కటీ చాలదు. ఉర్దూ కూడా ఉండాలి. ఒక ఊరి ప్రజల భాషలన్నీ గోడమీద కనిపించినప్పుడే ఆ గది ఊరిది అవుతుంది.

6. నడిచే ప్రదర్శన - పాత పంటల జాతర:

జహీరాబాద్ ప్రాంతంలో గ్యాలరీ సంస్కృతి లేదనడం ఎంత నిజమో, ప్రదర్శన సంస్కృతి ఉందనడం అంతే నిజం. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ శతాబ్దపు ఆరంభం నుంచి ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతరను నిర్వహిస్తోంది. అలంకరించిన ఎడ్లబండ్ల మీద మట్టిపాత్రల్లో, బుట్టల్లో పదుల రకాల విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, పెసర, కుసుమ వంటివి వాటిలో కొన్ని. దాదాపు నెలరోజులపాటు సాగే ఈ యాత్రలో పాటలు, డప్పు, కోలాటం ఉంటాయి. బండి ఆగిన ప్రతి ఊళ్ళో సేద్యం గురించి చర్చ జరుగుతుంది. సంఘాల మహిళలే నిర్వాహకులు, వ్యాఖ్యాతలు. వారిలో ఎక్కువమంది చిన్నకమతాల దళిత రైతులు. 2008లో మాచనూరులో మొదలైన సంఘం రేడియో కూడా ఈ మహిళల చేతుల మీదుగానే నడిచింది. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం లభించింది.

జాతరను చిత్రకళా ప్రదర్శన అనడం సరికాదు. దాని లక్ష్యం విత్తన వైవిధ్యాన్ని కాపాడటం. ప్రదర్శన అంగాల దృష్టితో చూసినప్పుడు మాత్రం గ్యాలరీ నేర్చుకోదగిన అంశాలు అందులో స్పష్టమవుతాయి. ఎంపిక చేసేవారు ఆ వస్తువును పండించినవారే. అమరిక బండి మీద సాగుతుంది, ఊరికీ ఊరికీ మారగలదు. లేబుల్ స్థానంలో మనిషి గొంతు ఉంటుంది. చూపరి అడిగిన ప్రశ్నను బట్టి వివరణ పెరుగుతుంది, తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, చూపరికి ఆ వస్తువు గురించి వ్యాఖ్యాత కంటే ఎక్కువ తెలిసి ఉండవచ్చునన్న గుర్తింపు అక్కడ ఉంది. 'ఈ జొన్న మా తాత కాలంలో వేరే పేరుతో పిలిచేవాళ్ళం' అని ఒక వృద్ధ రైతు చెప్పగలిగే వాతావరణం అది. గ్యాలరీలో చూపరి సాధారణంగా మౌనంగా ఉంటాడు.

ఈ పోలికకు పరిమితులూ ఉన్నాయి. విత్తనం ఎండను ఓర్చుకుంటుంది, కాగితం ఓర్చుకోదు. మూలచిత్రాలను బండి మీద ఊరేగించడం భద్రతరీత్యా సాధ్యం కాదు. సాధ్యమైనవి వేరే ఉన్నాయి. కళాకారుని అనుమతితో తీసిన మంచి ప్రతులను డిగ్రీ కళాశాల గ్రంథాలయంలోనో, సంత జరిగే రోజున పంచాయతీ భవనంలోనో ప్రదర్శించవచ్చు. కొద్దిపాటి నేర్పుతో ముద్రణ యంత్రాన్ని తరగతి గదికి తెచ్చి లినోలియం పలక మీద చెక్కించి అచ్చుతీయించవచ్చు. పెద్దలు బొమ్మలోని పనిముట్టును చూసి దాని పేరు చెప్పగా విద్యార్థులు రాసుకోవచ్చు. అటువంటి రోజున చూపరి సమాచారదాతగా మారతాడు. మాండలిక పదసేకరణకు అంతకంటే అనువైన సందర్భం దొరకడం కష్టం.

7. నమోదు - తెలుగు పరిశోధకుల బాధ్యత:

పుస్తకం ఒకసారి అచ్చయితే ఎక్కడో ఒక ప్రతి మిగులుతుంది. నాటకం ముగిసినా రచన మిగులుతుంది. ప్రదర్శన ముగిశాక చిత్రాలు వేర్వేరు ఇళ్ళకు చేరతాయి. ఏ చిత్రం పక్కన ఏది ఉండేదో, చూపరులు ఏమన్నారో, ఏ మాటలతో పరిచయం చేశారో తెలిపే ఆధారం సాధారణంగా ఒక కేటలాగు మాత్రమే. చిన్న గ్యాలరీలకు ప్రతిసారీ కేటలాగు అచ్చువేసే స్థోమత ఉండదు. వెబ్‌సైటు మీది సమాచారం సంస్థ మూతపడగానే మాయమవుతుంది. ఒక ప్రాంతపు కళాచరిత్ర రాయడానికి యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా పూనుకుంటే వారికి చేతికందేది అమ్మకపు వేలం జాబితాలే అయ్యే ప్రమాదం ఉంది. వేలంలో ధర పలికినవారి చరిత్ర మిగిలి, పలకనివారి చరిత్ర జారిపోతుంది.

ఈ లోటును పూరించడానికి భారీ నిధులు అవసరం లేదు. ఒక ప్రదర్శనకు రెండు పుటల నమోదు పత్రం చాలు. అందులో ఉండదగిన అంశాలు ఇవి:

1. ప్రదర్శన పేరు, స్థలం, ప్రారంభ ముగింపు తేదీలు, క్యూరేటర్ పేరు.
2. పాల్గొన్న కళాకారులు, వారి స్వస్థలం, శిక్షణ.
3. చిత్రాల జాబితా: పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు, ముద్రణచిత్రమైతే ప్రతి సంఖ్య.
4. అమరిక పటం: ఏ గోడమీద ఏది ఉందో చేతితో గీసిన నక్ష.
5. లేబుల్ పాఠం యథాతథంగా, అది ఏ భాషలో ఉందన్న వివరం.
6. బొమ్మల్లో కనిపించే వస్తువులకు, వృత్తులకు ప్రాంతీయ పదాలు, ఆ మాటలు చెప్పినవారి ఊరు, వయసు.
7. చూపరుల స్పందనలు, వారి అనుమతితో.

ఆరవ అంశం తెలుగు శాఖకు మాత్రమే సాధ్యమైనది. చిత్రకళాచరిత్ర విద్యార్థి శైలిని గుర్తిస్తాడు, తెలుగు విద్యార్థి మాటను గుర్తిస్తాడు. ఇద్దరూ ఒకే పత్రం మీద పనిచేస్తే రెండు శాఖలకూ మేలు.

నమోదులో చట్టపరమైన జాగ్రత్తలు తప్పవు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రం మీద హక్కు కళాకారుని జీవితకాలంతోపాటు మరణానంతరం 60 సంవత్సరాల వరకు ఉంటుంది. చిత్రాన్ని కొన్నవారికి వస్తువు మీద యాజమాన్యం వస్తుంది, విడిగా రాసి ఇస్తే తప్ప కాపీరైట్ రాదు. పరిశోధన, విమర్శ కోసం న్యాయమైన మేరకు వాడుకోవడానికి చట్టం వెసులుబాటు ఇచ్చింది. పుస్తకంలోనో పత్రికలోనో చిత్రాన్ని పూర్తిగా అచ్చువేయదలిస్తే అనుమతి తీసుకోవడమే మర్యాద, క్షేమం. అదే చట్టంలోని 53ఎ సెక్షను, మూలచిత్రం 10,000 రూపాయలకు మించిన ధరకు తిరిగి అమ్ముడైనప్పుడు, హక్కుకు తొలి యజమానియైన కళాకారునికి లేదా వారసులకు ఆ ధరలో 10 శాతం మించని వాటా కల్పిస్తోంది. ఏ చిత్రం ఎప్పుడు ఎక్కడ ప్రదర్శితమైందో తెలిపే నమోదు ఉంటే చిత్రాల గుర్తింపునకు, ఇటువంటి హక్కుల సాధనకు అది ఆధారంగా ఉపకరిస్తుంది. అందువల్ల నమోదు పండితుల ఆసక్తికి మాత్రమే పరిమితమైనది కాదు. పల్లెల నుంచి వచ్చిన యువకళాకారుల జీవికకూ దానితో సంబంధముంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి. చిన్న గ్యాలరీలోని ప్రదర్శన ఎంపిక, అమరిక, వెలుతురు, ధర, లేబుల్ అనే ఐదు అంగాల కూర్పు. సాహిత్య సంకలనం వలె అది కూడా ఒక దృష్టికోణాన్ని ప్రతిపాదిస్తుంది. మెదక్ సీమ పల్లెజీవితం లక్ష్మాగౌడ్ వంటి కళాకారుల ద్వారా ఆ గోడలమీదికి చేరింది. అయినా ఆ జీవితపు మాటలు లేబుల్ మీదికి చేరలేదు. జహీరాబాద్ ప్రాంతపు పాత పంటల జాతర చూపరిని జ్ఞానదాతగా గౌరవించే ప్రదర్శన సాధ్యమేనని నిరూపిస్తోంది. గ్యాలరీ నిర్వాహకులు తెలుగు, ఉర్దూ లేబుళ్ళను చేర్చడం, కళాశాలల తెలుగు శాఖలు రెండు పుటల నమోదును ప్రాజెక్టు పనిగా స్వీకరించడం తక్షణం ఆచరణలో పెట్టదగినవి.

తెలుగు ఎం.ఏ. స్థాయిలో ఒక్కొక్క విద్యార్థి ఏడాదికి ఒక్క ప్రదర్శనను నమోదు చేసినా పదేళ్ళలో ఒక ప్రాంతపు కళాచరిత్రకు ముడిసరుకు సమకూరుతుంది. కోహీర్ నుంచి నగరానికి వెళ్ళిన విద్యార్థి గోడమీది ఈతచెట్టు పక్కన 'ఈతచెట్టు' అన్న మాటనే చదవగలగడం చిన్న మార్పుగా కనిపించవచ్చు. ఆ మాటను అక్కడ రాయించే బాధ్యత తెలుగు అధ్యాపకులది, పరిశోధకులది.